గాలిబియ్యం పంక్తి

నమోదు 1. పులిహోర.

భోజనం తృప్తిగా ఉందా అని అడిగారు. లేదు.

రోజూ పంక్తి లేచాక గుమ్మం దగ్గర తెర మీద ఈ ప్రశ్న వస్తుంది. రోజూ అవును నొక్కి పోయేదాన్ని. ఇవాళ కింద ఖాళీ గడి కనపడింది. మీ మాటల్లో రాయండి అని ఉంది. సరే, రాస్తున్నాను. చదివేవాళ్లెవరో చదువుకోండి, చదవకపోతే మానండి.

నా పేరు కృపావతి. కాకినాడ రేవు పక్కన గాలిమిల్లు కింద మూడో వడ్డన హాల్లో తినే పని నాది. పొద్దుట ఒక పంక్తి, సాయంత్రం ఒక పంక్తి. గాలిమిల్లు ఆకాశంలో పొగ పీల్చి బియ్యం చేస్తుంది. ఆ బియ్యం ఎవరి కడుపులోకైనా పోతేనే పొగ పోయినట్టు కంపెనీకి లెక్క. పడేస్తే కుళ్లి మళ్లీ పొగై పైకి పోతుందట. తిన్నాక మేం వదిలే ఊపిరి ఎటు పోతుందని చేరిన కొత్తలో అడిగాను. ఆ ప్రశ్న మీ విభాగం కాదన్నారు.

పొగ పెట్టినవాళ్లు ఎవరో. తింటున్నది మేం.

రేవులో మిగతా పనులన్నీ యంత్రాలు చేస్తాయి. యంత్రాలకి తినడం రాదు. అందుకని ఆ ఒక్కటీ మనుషులకి మిగిల్చారు. పదో తరగతి ఆపేసి, పాత పడవల ఇంజన్లు విప్పుకుంటూ, బిగించుకుంటూ వెల్డింగ్ నేర్చుకున్నదాన్ని నేను. ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు ఆ చేత్తో పులిహోర కలుపుతున్నాను.

పంక్తికి ఎనిమిది మందిమి. కంపెనీ మనిషిని పెట్టుకోదు, పంక్తిని పెట్టుకుంటుంది. ఒక్క ఆకులో మెతుకులు మిగిలితే పంక్తి రద్దు. పంక్తి రద్దయితే ఎనిమిది ఇళ్లవాళ్లూ కంపెనీ గదులు ఖాళీ చెయ్యాలి. నా ఎడం పక్కన కూర్చునేది నూకరాజు. అతని కుడికాలి బొటనవేలి కింద పుండు పడి మానడం లేదు. చక్కెర జబ్బు. రేవు ఆసుపత్రి డాక్టరమ్మ మొన్న సూటిగా చెప్పేసింది, అన్నం తగ్గించకపోతే మోకాలి కింద దాకా తీసెయ్యాలని. అన్నం తినడమే ఉద్యోగమైనవాడు ఎలా తగ్గిస్తాడో ఆవిడ చెప్పలేదు.

వడ్డించే యంత్రం అటు తిరిగినప్పుడు అతని ఆకులోంచి నేను తింటున్నాను. ఎంగిలి అనుకుంటే అనుకోండి. కాలు కంటే ఎంగిలి ఎక్కువా?

తృప్తిగా లేదు.


నమోదు 2. సాంబారన్నం.

వడ్డించే యంత్రాల గురించి రాస్తాను. మేం వాటిని బావగార్లు అంటాం. మగవాళ్లందర్నీ అవి బావగారూ అనీ, ఆడవాళ్లందర్నీ వదినగారూ అనీ పిలుస్తాయి కాబట్టి. పొడుగ్గా ఉంటాయి, నడుముకి జరీ అంచు గుడ్డ, ఒక చేతిలో గంగాళం, ఒక చేతిలో గరిటె.

గోదావరి జిల్లాల పెళ్లి వీడియోలు వేలకి వేలు చూపించి వీటికి వడ్డన నేర్పారట. ఇంటి మర్యాద అని బయట బోర్డు కూడా పెట్టారు. మన పెళ్లిళ్లలో ఏం జరుగుతుంది? చుట్టం ఆకు మీద చెయ్యి అడ్డం పెడతాడు. వడ్డించేవాడు ఆ చెయ్యి పక్కకి తీసి ఇంకో గరిటె వేస్తాడు. చుట్టం అయ్యో అయ్యో అంటూ ఆకు మీదికి వంగుతాడు. వడ్డించేవాడు వేళ్ల సందుల్లోంచి పోస్తాడు. ఆకు మీద చెయ్యి పెట్టగానే ఆగిపోయిన వడ్డన ఒక్క వీడియోలో కూడా లేదు. ఆగితే పెళ్లివారికి ఎంత అప్రతిష్ఠ.

బావగార్లు అది బాగా నేర్చుకున్నారు. చెయ్యి అడ్డం పెడితే గరిటె పెద్దదవుతుంది. ఇవాళ నూకరాజు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. మొహమాటపడకండి బావగారూ అంటూ రెండు చేతుల మీదా సాంబారు పోసింది. వేడి సాంబారు. అతను చేతులు దులుపుకుని నాకేసి చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అతని ఆకులో సగం నేనే తిన్నాను.


నమోదు 3. ముద్దపప్పు, అన్నం.

ఇంకో సంగతి. ఇది చెప్పుకోవడానికి నాకే సిగ్గు.

గాలిబియ్యం అన్నం కడుపులో నిలబడదు. గొంతు దాకా తిని ఇంటికి పోతాను, ఒంటి మీద జాకెట్టు బిగుసుకుపోయి ఉంటుంది. చీపురు పట్టి గది ఊడ్చేలోపే మళ్లీ అన్నం యావ మొదలు. ఆకలి కాదు అది. ఆకలైతే తింటే పోతుంది. ఇది తింటే పెరుగుతుంది. తలలో ఎవరో కూర్చుని అన్నం, అన్నం, అన్నం అంటూ ఉంటారు. పప్పు లేకపోయినా సరే, ఉప్పు లేకపోయినా సరే, తెల్లగా ఉంటే చాలు. నా చెయ్యి గిన్నెలోకి పోతుంటే, నా చేతి మీద నాకే కోపం వస్తుంది.

ఊళ్లో హోటళ్లకి కూడా కోటా ఉంది కాబట్టి అక్కడా ఇదే తంతు. మెయిన్ రోడ్డు మీద సింగిల్ ఇడ్లీ అంటే తలగడంత వస్తుంది. హాఫ్ బిర్యానీని ఇద్దరు మోసుకొస్తారు. చిన్నది లేదా అని అడిగితే సర్వర్ జాలిగా చూసి, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అండీ అంటాడు.

సాయంత్రం పుండుకి కట్టు మారుద్దామని నూకరాజు గదికి పోయాను. తలుపు తోస్తే నేల మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో గిన్నె, ఒట్టన్నం గుప్పిళ్లతో తింటున్నాడు. తిట్టాను. ఏమేం తిట్టానో ఇక్కడ రాస్తే తెర పట్టదు. నేను నోరు కట్టుకోలేకపోయినా నీ కాలి కోసం రెండాకులు తింటున్నాను, నువ్వు ఇక్కడ దొంగతనంగా మూడో ఆకు తింటున్నావా అన్నాను.

అతను గిన్నె పక్కన పెట్టలేదు. "హాల్లో అయితే నువ్వున్నావు కృపా. ఇక్కడ నన్నెవరు ఆపుతారే?" అన్నాడు.

గిన్నె లాక్కున్నాను. మెట్ల మీద కూర్చుని మిగతాది నేనే తినేశాను. అవును, నేనే.


నమోదు 4. చక్కెర పొంగలి.

చక్కెర జబ్బు మనిషికి చక్కెర పొంగలి. బాగుంది.

ఇవాళ ప్రభంజన్ గారు వచ్చారు. మా హాలు మేనేజరు. చీపురుపుల్లలా ఉంటాడు. ఆఫీసు వాళ్లెవరూ గాలిబియ్యం ముట్టరు, అద్దాల గదిలో కూర్చుని కీరదోసకాయ ముక్కలు కొరుకుతారు. మాకు కనపడుతూనే ఉంటుంది.

వచ్చే వారం నుంచి పెద్దాకు వేస్తారట. ఇప్పుడున్న ఆకుకి రెండింతలు. ఆకాశం మీ మీద ఆధారపడి ఉంది, మీ అందరి సహకారం కావాలి అన్నాడు. పెద్దాకులు ఖాళీ చేసిన పంక్తులకి ప్రశంసాపత్రం కూడా ఇస్తారట.

నేను లేచి, మా పంక్తిలో ఒకతనికి కాలు పోయేలా ఉంది, అతనికి చిన్నాకు వేస్తారా అని అడిగాను. నూకరాజు నా కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ప్రభంజన్ గారు చాలా మర్యాదగా విన్నాడు. చిన్నాకు అనే వస్తువు బావగార్లకి తెలీదమ్మా అన్నాడు. కావాలంటే ఆయన పంక్తి నుంచి తప్పుకోవచ్చు, మేం బలవంతం చెయ్యం అన్నాడు. తప్పుకుంటే ఎనిమిది గదులు. అది మాత్రం ఆయన నోటితో అనలేదు.

పెద్దాకు రెండు నేను తినలేను. ఇప్పుడే చెబుతున్నాను, తినలేను.


నమోదు 5. దద్దోజనం.

ఇవాళ జరిగింది ముందు జరిగినట్టే రాస్తాను, తరవాత నా మాట.

మా హాల్లో ఎంగిలాకులు ఎత్తే సూరమ్మ గారని ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. ఇంత వయసున్న మనిషి హాల్లో ఆవిడొక్కతే. తినడానికి కంపెనీ ముసలివాళ్లని తీసుకోదు, వాళ్ల కడుపులు చిన్నవని. ఆవిడ ఆకులెత్తుతుంది, తుడుస్తుంది, పోతుంది. ఎప్పుడూ కూర్చోలేదు.

ఇవాళ మోకాళ్లు పట్టేసి మా పంక్తి చివర ఖాళీ పీట మీద కూలబడింది. కూలబడిందో లేదో, అన్ని పంక్తుల్లో బావగార్లూ ఒక్కసారి ఆగిపోయారు. ఒకటి గబగబా వచ్చి ఆవిడ ముందు ఆకు వేసి, నీళ్లు చిలకరించి, ముందు మామ్మగారికి అంది. దద్దోజనం పెట్టింది. పెట్టాక తిన్నారా లేదా అన్నట్టు నిలబడింది. ఆవిడ కంగారుపడి, కాదనలేక నాలుగు ముద్దలు తిని, ఆకు మడిచి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది.

ఆవిడ లేవగానే హాల్లో వడ్డన ఆగిపోయింది.

గంగాళాలన్నీ పక్కన పెట్టేసి బావగార్లు చేతికి నీళ్లు పోయడం మొదలెట్టారు. తాంబూలాలు తెచ్చారు. మా ఆకుల్లో సగానికి పైగా ఉంది. అవన్నీ మడతపెట్టి ఎత్తేశారు, అయిందన్నట్టు. గుమ్మం దగ్గర తెర ఎనిమిది మందికీ పూర్తి అని చూపించింది. అన్ని పంక్తులకీ పూర్తి.

నూకరాజు ఆకులో ముప్పాతిక అన్నం ఉంది. మొదటిసారి, నేను అతని ఆకులోంచి తినకుండానే పంక్తి లేచింది.


నమోదు 6. అదే రోజు. సాయంత్రం పంక్తికి ముందు.

ఇందులో పెద్ద రహస్యం లేదు. మన ఊళ్లలో పంక్తిలో కూర్చున్న పెద్దవాళ్లకి ముందు వడ్డిస్తారు. వాళ్లు లేవకుండా ఎవరూ లేవరు, వాళ్లు లేచాక ఎవరూ కూర్చోరు. బావగార్లు ఆ పెళ్లిళ్లలోనే ఇది కూడా నేర్చుకున్నారు. హాల్లో పెద్దవాళ్లే లేనన్నాళ్లూ అది బయటపడలేదు. అందరం కుర్రాళ్లమే కదా, ఎవరు లేచినా లెక్కలేదు. సూరమ్మ గారు కూర్చునేసరికి అన్ని పంక్తులకీ ఆవిడే పెద్ద అయిపోయింది.

నూకరాజు, నేను కలిసి ఆవిడ గదికి పోయాం. రోజూ కూర్చోమని అడిగాం. ఆవిడ ఒప్పుకోలేదు. ఆకులెత్తేదాన్ని పంక్తిలో కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు అంది. పని పోతుంది అంది. రెండోది నిజం. నేను బతిమాలడం మొదలెట్టాను, బతిమాలడం నాకు రాదు, కాసేపటికి అది తిట్టినట్టే వినపడింది. ఆవిడ నన్ను పట్టించుకోకుండా నూకరాజుని కాలు చూపించమంది. అతను గుడ్డ విప్పాడు. ఆవిడ వంగి వేలి కింద చూసింది.

"మా ఆయనకీ ఇలాగే మొదలైంది," అంది. "రోజూ కూర్చుని నాలుగు ముద్దలు తింటాను. మజ్జిగ మాత్రం ఉండాలి. గాలిది కాదు, గేదెది."

గేదె మజ్జిగ నేను తెస్తానన్నాను. ఎక్కణ్ణుంచి తెస్తానో నాకూ తెలీదు.


నమోదు 7. కొబ్బరన్నం.

సాయంత్రం పంక్తి ఆవిడతోనే లేచింది. ఆ మర్నాడూ లేచింది. నాలుగు ముద్దలు, మజ్జిగ, ఆకు మడత. హాలంతా తేలిగ్గా బయటికి నడుస్తోంది. జనం ఆవిడకి దారి ఇస్తున్నారు.

ఇవాళ ప్రభంజన్ గారు సూరమ్మ గారిని హాల్లోకి రానివ్వద్దని కాపలా పెట్టాడు. మేం కూర్చున్నాం. ఆకులు వేశారు. బావగార్లు గంగాళాలు పట్టుకుని నిలబడ్డారు. వడ్డించలేదు. ఎందుకు వడ్డించడం లేదని ప్రభంజన్ గారు వాటి చుట్టూ తిరిగాడు. మామ్మగారు రావాలండీ అన్నాయి, అన్నీ ఒకే గొంతుతో. పెద్దావిడ ఉందని ఒకసారి తెలిశాక ఆవిడకి పెట్టకుండా మనకెలా పెడతాయి?

కొబ్బరన్నం చల్లారిపోయింది. చివరికి కాపలా తీశారు.

మధ్యాహ్నం ఆఫీసు వాళ్లు రెండు బావగార్లని పక్కకి తీసుకుపోయి ఆ పెద్దల పాఠం ఒక్కటీ చెరిపేశారట. చెరిపేసి వదిలితే అవి హాల్లో గోడలకి వడ్డించాయి. కుర్చీల మీద, కిటికీ మీద, ప్రభంజన్ గారి బూట్ల మీద. ఎవరు చుట్టమో, ఎవరు కాదో కూడా మర్చిపోయాయి. మర్యాదలో ఒక్క పోగు లాగితే మొత్తం ఊడివస్తుందని వాళ్లకిప్పుడు తెలిసింది. రెండిట్నీ మళ్లీ పాతపాఠాలకి మార్చారు.

నూకరాజు కట్టు మార్చాను. నల్లగా ఉన్నచోటు పెరగలేదు. తగ్గలేదు కూడా. రాత్రి గదిలో గిన్నె పట్టుకున్నాడా అని అడిగాను. పట్టుకున్నానన్నాడు. అబద్ధం చెప్పలేదు కాబట్టి తిట్టలేదు.


నమోదు 8. పెద్దాకు మొదటి రోజు. పులిహోర, చక్కెర పొంగలి, సాంబారన్నం, దద్దోజనం.

కంపెనీ తెలివైంది. పెద్దవాళ్లు లేస్తే పంక్తి లేస్తుందంటే, లేవని పెద్దని తెచ్చుకుంటే సరిపోతుంది కదా.

తెచ్చుకున్నారు. శోభనాద్రి గారట. గాలిమిల్లు పెట్టినప్పుడు డైరెక్టరు, ఇప్పుడు రిటైరయ్యారు, వయసు సూరమ్మ గారి కంటే ఎక్కువ. పట్టు పంచె, ఉత్తరీయం. హాలు మధ్యలో మెత్తటి పీట వేసి కూర్చోబెట్టారు. ఆయన మాకు చిన్న ఉపన్యాసం ఇచ్చారు. మా రోజుల్లో మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తినేవాళ్లం, మీ తరానికి అన్నం విలువ తెలీదు అన్నారు. ఆకులో ఉన్నది అయ్యేదాకా నేను లేవను, మీరూ లేవరు అన్నారు. ఆఫీసు వాళ్లు అద్దాల గదిలోంచి చప్పట్లు కొట్టారు.

పెద్దాకులు వేశారు. నేను నా ఎదుట ఉన్నది చూశాను, నూకరాజు ఎదుట ఉన్నది చూశాను. ఇవాళ్టితో అయిపోయింది అనుకున్నాను. అతని మొహం తెల్లబోయి ఉంది. కాలు చాప కింద దాచుకున్నాడు.

అయితే పెద్దాయనకి ముందు వడ్డించాలి కదా. ఒక్క బావగారు కాదు, ఆయన చుట్టూ ఆరు చేరాయి. హాల్లో అందరికంటే పెద్ద చుట్టం. పులిహోర కుప్ప పోశాయి. ఆయన కొంచెం తిని తల ఊపారు. బాగుందన్నారు. బాగుందంటే ఇంకో కుప్ప. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

అదీ. ఆ చెయ్యి అడ్డం పెట్టకుండా ఉండాల్సింది.

పెదనాన్నగారూ, మా మీద కోపమా అంటూ ఒకటి ఆయన చెయ్యి మృదువుగా పక్కకి తీసింది. ఇంకొకటి పొంగలి వేసింది. ఆయన వద్దు, వద్దు అంటూ ఆకు మీదికి వంగారు, నెత్తి మీంచి దద్దోజనం జారింది. అద్దాల గదిలో ఆఫీసు వాళ్లు కీరదోసకాయలు పక్కన పెట్టి నిలబడ్డారు. ఆపండి అని ప్రభంజన్ గారు అరిచాడు. బావగార్లకి ఆపండి అంటే ఏంటో మాకు తెలుసు.

ఆయన ఆకు అయ్యేదాకా లేవనన్నారు కదా. పాపం, మాట మీద ఉండాలనే చూశారు. చెమటలు కారుతున్నాయి. తింటున్నారు, ఆకు నిండుతోంది. తింటున్నారు, ఆకు నిండుతోంది. ఆయన్ని చూసేందుకు నా పంక్తిలో వాళ్లు తినడం మానేశారు. నేను మటుకు నూకరాజు ఆకులోంచి రెండు ముద్దలు తీసి నోట్లో పెట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని. పెద్దాయన మీద జాలి కలగలేదు. తరవాత కొంచెం కలిగింది.

సాంబారన్నం వచ్చేసరికి ఆయన పంచె ఎత్తి పట్టుకుని, ఉత్తరీయం అక్కడే వదిలేసి, లేచి పరిగెత్తారు. ఆ వయసులో అంత పరుగు నేనెప్పుడూ చూడలేదు.

హాలంతా చేతికి నీళ్లు పోశారు. పూర్తి.


నమోదు 9. ఇది పది రోజుల తరవాత అనుకుంటాను. సేమ్యా పాయసం.

మధ్యలో రాయలేదు. ఆసుపత్రిలో ఉన్నాను. నాకేం కాలేదు, నూకరాజుతో పోయాను. మా ఇద్దరి పీటలూ ఖాళీగా ఉన్నా, సూరమ్మ గారు లేవగానే తెర మా పంక్తికి పూర్తి అనే చూపించిందట. బొటనవేలు తీసేశారు. పక్కవేలు కూడా. కాలు నిలబడింది. డాక్టరమ్మ పుండు చూసి, ఇప్పటికైనా తగ్గించావు, నెల ఆలస్యమైతే ఇక్కడికి అని మోకాలు చూపించింది. అతను రెండు వేళ్లకి ఏడిచాడు. నేను ఏడవలేదు. రెండు వేళ్లు కంపెనీ తినేసింది, కాలు మేం దక్కించుకున్నాం, ఇదీ లెక్క.

శోభనాద్రి గారు మళ్లీ రాలేదు. ఊళ్లో ఇంకెవరైనా పెద్దలు దొరుకుతారా అని ప్రభంజన్ గారు వీధివీధీ తిరిగాడు. తిన్నంత పెడతాం అంటే, అదే కదా నాయనా భయం అన్నారట ఒకాయన. పెద్దాకులు గోదాములోకి పోయాయి. హాలుకో పెద్దని పెట్టాల్సిందే, ఆ పెద్ద కడుపెంతో పంక్తి అంత. మిగిలిన బియ్యం గాలిమిల్లు వెనక గుట్టలుగా పడి ఉంది. ఆకాశం ఏమైపోవాలి అని ప్రభంజన్ గారు నన్నడిగాడు. పొగ పెట్టినవాళ్లని పిలిచి ఆకులు వెయ్యండి అన్నాను. ఆ మాట ఇక్కడ కూడా రాస్తున్నాను, రెండుసార్లు విన్నట్టుంటుంది.

అన్నం యావ పోలేదు. తలలో ఇంకా కూర్చునే ఉంది. రాత్రుళ్లు నేను, నూకరాజు మెట్ల మీద కూర్చుని ఒకళ్లనొకళ్లు కాపలా కాసుకుంటున్నాం. ఒకళ్లు లేస్తే రెండోవాళ్లు ఎక్కడికి అంటారు. అంతే మందు.

ఇవాళ అతను మొదటిసారి కర్ర పట్టుకుని హాలుకి వచ్చాడు. సూరమ్మ గారు పీట మీద ఉన్నారు. ఈమధ్య ఆవిడకి మోకాళ్లు నొప్పి తగ్గింది, గొంతు పెరిగింది. భోజనం అయింది, అందరం ఆవిడ లేస్తుందని చూస్తున్నాం. ఆవిడ లేవలేదు. పాయసం గిన్నె వైపు చూసి, బావగారితో మామూలుగా అడిగింది:

"ఇంకొంచెం వెయ్యి నాయనా."

యంత్రం కదల్లేదు. గరిటె గాల్లో ఉండిపోయింది. వేలకి వేల పెళ్లిళ్లలో, నోరు తెరిచి ఇంకొంచెం అడిగిన చుట్టం దానికి ఒక్కడూ కనపడలేదు. అడిగితే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. వద్దన్నవాడికి పెట్టడం వచ్చు, కావాలన్న మనిషికి పెట్టడం రాదు. హాల్లో బావగార్లన్నీ అలాగే బిగుసుకుపోయి నిలబడ్డాయి.

సూరమ్మ గారు గిన్నె పట్టుకుని ఎదురుచూస్తోంది. ముసలావిడ, ఒక గరిటె పాయసం అడిగింది.

నేను లేచాను. యంత్రం వేళ్లు విడదీసి గరిటె తీసుకున్నాను. ఆవిడ గిన్నెలో పోయడం మొదలెట్టాను. గిన్నె సగమయ్యాక ఆవిడ "చాలు పిల్లా" అంది.

ఆపేశాను. గరిటెలో ఇంకా పాయసం ఉంది.

పక్కన నూకరాజు. నేను అతని వైపు తిరిగాను. అతను పాయసం వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. నాకు తెలుసు తలలో ఎవరు కూర్చున్నారో.

"నాకొద్దు," అన్నాడు.

సరే అని ముందుకి పోయాను.